కట్టెకు కట్టె రాసి నిప్పు చేయడం: హైదరాబాద్ చుట్టుపక్కల దొరికే సరుకుతో

కట్టెకు కట్టె రాస్తే నిప్పు పుడుతుందని అందరికీ తెలుసు. రాసి చూసినవాళ్లలో చాలామంది మాత్రం పొగ దాకా వచ్చి ఆగిపోతారు. పొగ రావడం సులువు, అదేం గొప్ప కాదు. అక్కడ ఆగిపోతే ఒంట్లో సత్తువ చాలలేదనుకుంటారు గానీ, చాలాసార్లు అసలు కారణం కట్టెలో మిగిలిన తేమ, లేదంటే కింద పెట్టే పలకకు, పొడి జారే గాడి సరిగా కోయకపోవడం.

ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ఈ పనిలో మొదట అంటుకునేది కట్టె కాదు, కట్టె అరిగి రాలిన పొడి. ఆ నల్లటి పొడి ఒకచోట కుప్పపడి దాదాపు 400 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కితే దానంతట అదే రాజుకుంటుంది. అంటే మనం చేయాల్సిందల్లా చెంచాలో సగం పొడి. అది చెదరకూడదు, చల్లారకూడదు. కట్టె ఎంపిక, గాడి కొలత, తాడు బిగువు, చేతి వేగం అన్నీ ఆ పొడి కోసమే. అందుకే పని సాగుతున్నంతసేపూ పొగను కాకుండా పొడిని చూస్తూ ఉండాలి.

ఇక్కడ ముఖ్యంగా చెప్పేది తాడుతో పుల్లను తిప్పే పద్ధతి. మొదటిసారి చేసేవాళ్లు ఇద్దరు కలిసి మొదలుపెట్టడం మంచిది. నిలబెట్టిన పుల్లను ఒకరు పైనుంచి అదిమి పట్టుకుంటే, దానికి చుట్టిన తాడు రెండు కొసలనూ ఇంకొకరు మజ్జిగ చిలికినట్టు అటూ ఇటూ లాగుతారు. యజ్ఞాల్లో నిప్పు పుట్టించే అరణి మథనం కూడా ఇదే. కింద పలకగా అధరారణి, తిరిగే కడ్డీ చాత్రం, దాని అడుగున బిగించే చిన్న ముక్క ప్రమంథం, పైన అదిమే దిమ్మ ఓవిలి, తాడు నేత్రం. ప్రమంథాన్ని ఉత్తరారణి అనే పైకట్టె నుంచి కోస్తారు. అరణులు జమ్మి మీద మొలిచిన రావి నుంచి తీయాలని శాస్త్రం. ఓవిలి మాత్రం చండ్ర కర్రతో చేస్తారు. ఈ ఎంపిక వెనుక పనివాడి తెలివి కనిపిస్తుంది. రాపిడి జరిగేచోట అరిగే రావి, అరగకూడని చోట గట్టి చండ్ర. అరిగిపోయే ముక్కను మాత్రమే మార్చుకునే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. మనం చేయబోయేదానికీ ఇదే సూత్రం.

కట్టెలు ఎలా ఎంచుకోవాలి

చెట్టు మీదే చచ్చి ఎండిన కొమ్మ అన్నింటికన్నా మంచిది. నేల మీద పడి ఉన్నది పైకి ఎండినట్టు కనిపించినా కిందివైపు తేమ పీల్చుకునో, చెదలు పట్టో ఉంటుంది. విరిస్తే టక్కుమని తెగాలి, వంగి చీలికలైతే పచ్చి ఇంకా పోలేదన్నమాట. బెరడు ఒలిచి కింది పెదవికి ఆనించండి. చల్లగా తగిలితే అందులో నీరుంది. తర్వాత బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కండి. పలకగా వాడే కట్టె మీద గోటి ముద్ర పడాలి. అయితే వేలితో గిల్లితే పొడిపొడిగా రాలకూడదు, అది పుచ్చిన కట్టె.

తేమ గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, కట్టెలోని నీరంతా ఆవిరయ్యేదాకా రాపిడి వేడి దానికే ఖర్చైపోతుంది. కట్టె ఎంత ఎండినా చుట్టూ ఉన్న గాలిని బట్టి కొంత నీటిని పట్టుకునే ఉంటుంది. గాలిలో తేమ 30 శాతం ఉన్నచోట ఆరబెట్టిన కట్టెలో దాని పొడిబరువులో సుమారు 6 శాతం నీరుంటే, గాలిలో తేమ 80 శాతం ఉన్నచోట అదే కట్టెలో సుమారు 16 శాతం దాకా ఉంటుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్ మధ్యాహ్నానికీ ఆగస్టు ముసురుకీ ఉన్న తేడా దాదాపు ఇంతే. నేర్చుకోవాలంటే ఫిబ్రవరి నుంచి మే వరకు, అదీ పొద్దున కాకుండా మధ్యాహ్నం రెండు, మూడు గంటలప్పుడు మొదలుపెట్టండి.

పలకకు రావి, బూరుగు మంచివి. బూరుగు అగ్గిపుల్లల తయారీకి వాడే తేలికపాటి కర్ర. రావి కొమ్మలు నగరంలో ఎక్కడైనా దొరుకుతాయి. ఎండాకాలపు గాలివానకు విరిగిపడ్డ వాటిలో ముందే ఎండి ఉన్నవి ఏరుకుంటే సరిపోతుంది. పొలాల గట్ల మీద, రైలు పట్టాల వెంట కనిపించే కిత్తనార మొక్క ఒక్కసారే పూసి చచ్చిపోతుంది. నిలువునా ఎండిన దాని పూకాడ ఈ పనికి చాలా బాగుంటుంది. బయట గట్టి పెంకు, లోపల బెండు ఉంటాయి కాబట్టి నిలువుగా చీల్చి, రెండూ కొంచెం కొంచెం ఉండేలా పలక చెక్కుకోవాలి. మునగ కర్రను చాలామంది ముందుగా ప్రయత్నిస్తారు, తేలిగ్గా తెగుతుంది కదా అని. అది మరీ మెత్తన. పొడి వేడెక్కేలోపే గుంట కిందికి దిగబడిపోతుంది.

పుల్లకు కందికట్టె చక్కగా పనికొస్తుంది. కంది కోతలయ్యాక తాండూరు, వికారాబాద్ వైపు పొలాల్లో కట్టలుకట్టి ఉంటాయి, రైతునడిగి ఒక మోపు తెచ్చుకోవచ్చు. మొదలు వైపున్న నిటారు ముక్క తీసుకోండి. నార ఒలిచిన గోగుకట్టె, ఎండిన జిల్లేడు కాండం ఇంకా తేలికైనవి. తాడు లేకుండా అరచేతుల మధ్య తిప్పే పద్ధతికి అవే మేలు. జిల్లేడు పూర్తిగా ఎండిందే తీసుకోవాలి. పచ్చిదాని పాలు కంట్లో పడితే చూపు దెబ్బతినే ప్రమాదముంది.

తుమ్మ, సర్కారు తుమ్మ, చింత, సరుగుడు పలకగా పనికిరావు. అవి అరగవు, మెరుస్తాయి. వాటిని పైదిమ్మకూ, ఒక్కరే చేసేటప్పుడు తాడు కట్టి లాగే విల్లుకూ ఉంచుకోండి. టేకులో నూనె ఉంటుంది. ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్కలో జిగురు ఉంటుంది. రెండూ గుంటను నునుపు చేస్తాయి. ప్లైవుడ్ ముక్కలు అసలు వద్దు, అందులో అతికే మందు కాలి కళ్లు మండుతాయి. గన్నేరు, పచ్చగన్నేరు, జెముడు ఏ భాగానికీ వాడకండి. పొగ కూడా మంచిది కాదు. ఎండిన వయ్యారిభామ కాడలు ఎక్కడ చూసినా నిటారుగా, నోరూరించేలా నిలబడి ఉంటాయి. వాటినీ ముట్టుకోవద్దు, ఒంటికి పడనివాళ్లకు దద్దుర్లు, ఆయాసం వస్తాయి.

పచ్చి చెట్టును దీనికోసం నరకడం అనవసరం, తప్పు కూడా. చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. జమ్మి సంగతి చెప్పనక్కర్లేదు, అది తెలంగాణ రాష్ట్ర వృక్షం.

భాగాలు, కొలతలు

పలక పొడవు 30 సెంటీమీటర్లు, వెడల్పు 6 లేదా 7, మందం ఒకటిన్నర. అడుగు చదునుగా ఉండాలి, ఊగితే పొడి చెదిరిపోతుంది. మందం 2 సెంటీమీటర్లు దాటితే పొడి గాడిలో జారేసరికే చల్లారుతుంది. సెంటీమీటరు కన్నా తగ్గితే పొడి సరిపడా చేరకముందే గుంటకు చిల్లు పడుతుంది.

పుల్ల ఇద్దరు తిప్పేదైతే 25 నుంచి 30 సెంటీమీటర్లు, ఒక్కరే విల్లుతో తిప్పేదైతే 18 నుంచి 20. మందం 2 సెంటీమీటర్లకు మించకూడదు. వంకర ఉంటే పుల్ల తిరిగేటప్పుడు ఊగుతుంది, ఊగితే గుంట వెడల్పై వేడి పంచుకుపోతుంది. కళ్ల ముందు పెట్టి గుండ్రంగా తిప్పుతూ చూస్తే వంకర తెలుస్తుంది. కింది కొస మొద్దుగా, వెడల్పుగా ఉండాలి. పై కొస సన్నగా చెక్కాలి. కింద రాపిడి ఎక్కువ కావాలి, పైన తక్కువ కావాలి కాబట్టి. నడుం భాగాన్ని మరీ నున్నగా చేయకుండా ఎనిమిది పలకలుగా వదిలేస్తే తాడు జారదు.

పైదిమ్మ అరచేతిలో ఇమిడే చింత ముక్క. ఇద్దరు చేసేటప్పుడు రెండు చేతులతో అదమాలి కాబట్టి 15 సెంటీమీటర్ల పొడవుండేది తీసుకోండి. మధ్యలో గరాటులా అర సెంటీమీటరు లోతు గుంట చెక్కండి. సహజంగా గుంటపడిన గులకరాయి దొరికితే ఇంకా మేలు. ఈ గుంటలో కొంచెం ఆముదమో కొబ్బరి నూనో రాయాలి. ఏదీ లేకపోతే నలిపిన పచ్చి వేపాకు పెట్టండి. ఆ నూనె కింది కొసకు తగిలిందా, ఆ కొస ఇక ఆ పూటకు పనికిరాదు. రెండు సెంటీమీటర్లు కోసేసి కొత్తగా మొద్దు చేసుకోవాల్సిందే. అందుకే పై కొసకు ముందే ఒక గీత పెట్టుకోండి, తొందరలో తలకిందులు చేయకుండా.

తాడు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎక్కువగా తెగేది అదే. కిరాణా కొట్లో దొరికే సుతిలి ఒంటిపోగు నిమిషం కూడా ఆగదు. నాలుగు పోగులు కలిపి జడ అల్లితే పని నడుస్తుంది. కొబ్బరి తాడు గరుకుగా ఉండి పుల్లను గట్టిగా పట్టుకుంటుంది. గోవకు, అంటే కట్టడాల పరంజాకు కట్టే తాడుగా హార్డ్‌వేర్ కొట్లలో అమ్ముతారు. చిటికెన వేలిలో సగం మందం చాలు. సొంతంగా పేనుకోవాలంటే గోగునార మంచిది. పచ్చి గోగుకట్టెలను నీళ్లలో రెండు వారాల పాటు నానేస్తే నార దానంతటదే ఊడివస్తుంది. కడిగి ఆరబెట్టి, రెండు పాయలుగా పట్టుకుని, ఒక్కో పాయనూ కుడికి మెలిపెడుతూ రెండింటినీ ఎడమకు చుట్టాలి. ఎదురెదురు పురులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, తాడు విప్పుకోదు. కొత్త నార కలపాల్సి వచ్చినప్పుడు రెండు పాయలకూ ఒకేచోట అతుకు పెట్టకండి, అక్కడే తెగుతుంది. ఇద్దరి పద్ధతికి తాడు మీటరున్నర కావాలి.

గుంట కాల్చడం, గాడి కోయడం

పలక అంచు నుంచి పుల్ల అంచుకు మధ్య 4, 5 మిల్లీమీటర్లు వదిలి, పుల్ల మధ్యబిందువు ఎక్కడ వస్తుందో అక్కడ చాకు కొసతో చిన్న గుంట పెట్టండి. మరీ అంచున పెడితే గాడి కోయగానే పక్కగోడ విరిగి పుల్ల బయటకు జారుతుంది. పుల్ల నిలబెట్టి మెల్లగా తిప్పండి. పుల్ల మందానికి సరిపడా నల్లటి గుండ్రం ఏర్పడగానే ఆపేయండి. ఈ దశలో నిప్పు కోసం చూడకండి, గుంటకూ పుల్లకూ పొందిక కుదరడమే ఇప్పుడు కావాలి.

ఇప్పుడు గాడి. గుండ్రాన్ని ఎనిమిది భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత, అంటే 45 డిగ్రీల త్రికోణం, పలక అంచు నుంచి లోపలికి కోయాలి. దాని మొన గుంట మధ్యబిందువుకు కొంచెం ఇవతల ఆగాలి. మధ్యను దాటితే పుల్ల నిలవదు. మరీ ఇవతలే ఆగితే పొడి గాడిలోకి రాకుండా గుంట చుట్టూ గట్టు కడుతుంది. గాడి గోడలు నున్నగా ఉండాలి, చీలికలకు పొడి తట్టుకుంటుంది. అడుగువైపు కొంచెం వెడల్పు చేస్తే నిప్పుముద్ద పలకకు అంటుకోకుండా తేలిగ్గా ఊడుతుంది. గాడి కింద ఎండిన మోదుగాకు పెట్టండి. పొడి దానిమీద పడుతుంది. అటు నేల చెమ్మ తగలదు, ఇటు నిప్పును ఎత్తుకెళ్లడానికి పళ్లెంలా ఉంటుంది.

పుల్లను తిప్పడం

ఇద్దరున్నప్పుడు అదిమేవారు పలక మీద ఒక కాలు వేసి మోకాలి మీద కూర్చుని, దిమ్మను రెండు చేతులతో పట్టుకుని, ముంజేతులను పాదం వేసిన కాలికి ఆనించుకోవాలి. చేతులు గాలిలో ఉంటే పుల్ల ఊగక మానదు. లాగేవారు ఎదురుగా కూర్చుని తాడును పుల్ల నడుముకు రెండు చుట్లు చుట్టి, రెండు కొసలూ నేలకు సమాంతరంగా పట్టుకోవాలి. ఒక చేయి లాగుతుంటే రెండోది వదులుతూ పోవాలి గానీ పూర్తిగా సడలించకూడదు. చుట్లు ఒకదానిమీద ఒకటి ఎక్కి రాసుకుంటే తాడు అక్కడే తెగుతుంది.

మొదట అరనిమిషం పాటు తేలిగ్గా అదిమి, పొడవుగా, నింపాదిగా లాగండి. ఇది కట్టెలు వేడెక్కడానికి. సన్నగా పొగ మొదలయ్యాక అదిమేవారు మెల్లమెల్లగా బరువు పెంచాలి. అప్పుడే నల్లపొడి గాడిలోకి జారడం మొదలవుతుంది. గాడి పూర్తిగా నిండేవరకు ఇదే వేగం. నిండాక ఇంకో ఇరవై, ముప్పై లాగుళ్లు ఉన్న ఓపికంతా పెట్టి వేగంగా లాగాలి. చాలామంది గాడి నిండగానే ఆపేస్తారు. అక్కడిదాకా చేసింది పొడి మాత్రమే, దాన్ని రాజేసేది ఈ చివరి ఊపు. "ఆపు" అనే మాట అదిమేవారే చెప్పాలి, పొడి వాళ్లకే దగ్గరగా కనిపిస్తుంది కాబట్టి.

ఆపిన వెంటనే పుల్లను గబుక్కున ఎత్తకండి. మెల్లగా పక్కకు వంచి తీసి, పలకను కదపకుండా పది సెకన్లు చూడండి. గుంటలోంచి పొగ రావడానికి అర్థం లేదు, కట్టె వేడికి అది కొంతసేపు వస్తూనే ఉంటుంది. పొడికుప్పలోంచి సన్నటి పొగ ఆగకుండా వస్తోందంటే నిప్పు పడినట్టే. అప్పుడు తొందరేం లేదు. చేత్తో మెల్లగా విసరండి. నోటితో ఊదితే పొడి ఎగిరిపోతుంది, ఊపిరిలోని తేమ కూడా తగులుతుంది. అరనిమిషంలో కుప్ప మధ్యలో ఎర్రదనం కనిపిస్తుంది. ఒక పుల్లతో కుప్పను అదిమిపట్టి, పలక వెనకంచు మీద రెండు దెబ్బలు తట్టి పలకను ఎత్తేయండి.

ఒక్కరే చేయాలంటే 60 నుంచి 70 సెంటీమీటర్ల సర్కారు తుమ్మ కొమ్మను ముళ్లు తీసి విల్లుగా వాడండి. కొద్దిపాటి వంపు చాలు, కొమ్మ మాత్రం వంగకుండా బిర్రుగా ఉండాలి. తాడు బిగువు ఎంతంటే, పుల్లను తాడులో మెలేసి పెట్టడానికి కాస్త కష్టపడాలి, వదిలేస్తే అది ఎగిరి పడాలి. తేలిగ్గా దూరిందంటే తాడు వదులుగా ఉంది. కుడిచేతి వాటమైతే ఎడమ పాదం పలక మీద, కుడి మోకాలు నేల మీద, ఎడమ మణికట్టు ఎడమ ముంగాలికి గట్టిగా ఆని ఉండాలి. విల్లును చివర పట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా పూర్తి పొడవు వాడండి. కుదించి గబగబా లాగితే ఆయాసం తప్ప వేడి మిగలదు. పనిలో తాడు సాగుతుంది. అప్పుడు ఆపి మళ్లీ కట్టకుండా విల్లు పట్టుకున్న వేళ్లతోనే తాడును కర్రకేసి నొక్కి బిగువు తెచ్చుకోవాలి.

పొడి చెప్పే సంగతులు

నిప్పు పడకపోతే గాడిలోంచి పొడి కాస్త వేలి మీదకు తీసుకుని చూడండి. లేత గోధుమ రంగులో ఉంటే వేడి చాలలేదు, బరువో వేగమో పెంచాలి. ముదురు గోధుమ దాటి నలుపు తిరిగి, మెత్తగా, నూగులా ఉంటే అది సరైన పొడి. అలాంటి పొడి వచ్చీ నిప్పు పడలేదంటే చివరి ఊపు చాలలేదన్నమాట. బిరుసుగా, చిన్న చిన్న పీచు చుట్టల్లా రాలుతుంటే మరీ ఎక్కువ అదుముతున్నారు. కట్టె అరగడం మాని చిట్లుతోంది, బరువు తగ్గించి వేగం పెంచండి.

పొడే రాకుండా కీచుమని శబ్దం వస్తుంటే గుంట అద్దంలా మెరిసిపోయి ఉంటుంది, పుల్ల కొస కూడా అంతే. తక్కువ బరువుతో ఎక్కువ వేగం తిప్పినా, కట్టె చెమ్మగా ఉన్నా, మరీ గట్టిదైనా ఇలా అవుతుంది. రెండు మెరుపులనూ చాకుతో గీకి, గుంటలో చిటికెడు సన్న ఇసుక వేసి తిప్పితే మళ్లీ గరుకు తేలుతుంది. మళ్లీ మళ్లీ మెరుస్తుంటే పంతానికి పోకుండా కట్టె మార్చండి. శబ్దం, పొగ పైదిమ్మ దగ్గర్నుంచి వస్తున్నాయా అనీ చూసుకోవాలి. నూనె ఆరిపోతే మీ కష్టంలో సగం అక్కడే కాలిపోతుంది.

పొడి బాగానే వస్తున్నా గుంట చుట్టూ చిమ్ముతుంటే గాడి ఇరుకు. పుల్ల పదే పదే ఎగిరిపోతుంటే మీ మణికట్టు కాలికి ఆనలేదు, లేదా విల్లు కొస పైకో కిందికో వంగుతోంది. పుల్ల ఆగిపోయి తాడు మాత్రం జారుతుంటే తాడు వదులైంది. అదిమేది తగ్గించి తప్పించుకోవద్దు, తాడే బిగించండి.

నిప్పు నుంచి మంట

నిప్పును పెట్టి ఊదే పీచు గూడును పుల్ల తిప్పకముందే సిద్ధం చేసి పెట్టుకోవాలి. కొబ్బరికాయ పైపీచును విడదీసి, చేతుల మధ్య నలిపి దుమ్ము దులిపితే ఈ పనికి దాన్ని మించింది లేదు. విప్పిన గోనెనార, గోగునార, ఎండిన సన్నగడ్డి కూడా కలపవచ్చు. రెండు పిడికిళ్లంత ముద్ద చేసి మధ్యలో గుంట పెట్టండి. లోపల అతి సన్నటి పీచు, బయటకు పోయేకొద్దీ ముతకది. జిల్లేడు దూది, బూరుగు దూది చూడ్డానికి ఆశగా ఉంటాయి. అవి భగ్గుమని ఒక్క క్షణంలో అయిపోతాయి, నిప్పును పట్టి ఉంచవు. చిటికెడు మాత్రం గూడు మధ్యలో పెట్టండి.

అసలైన సాయం పిడకది. బాగా ఎండిన ఆవు పిడకను నలిపి రెండు చెంచాల పొడి చేసి గూడు మధ్యలో వేసుకోండి. నిప్పుముద్ద దానికి తగలగానే మంట లేకుండానే పాకుతుంది, చాలాసేపు నిలుస్తుంది. కట్టెపొడి నిప్పు రెండు, మూడు నిమిషాల్లో బూడిదవుతుంది. పిడకపొడి తోడైతే మీకు తొందర తగ్గుతుంది. పీచు కాస్త చెమ్మగా ఉన్న రోజున పని గట్టెక్కించేది ఇదే.

ఆకు మీది నిప్పును గూట్లోకి జార్చి, పీచును మెల్లగా దగ్గరికి మూయండి. నిప్పుకు పీచు తగలాలి, నలగకూడదు. గూడును ముఖం కన్నా ఎత్తులో పట్టుకుని, గాలి వీచేవైపు వీపు పెట్టి, కింది నుంచి సన్నగా, పొడవుగా ఊదండి. పొగ చిక్కబడి తెల్లగా, పసుపుగా మారిందంటే మంట దగ్గరపడింది. అక్కడ ఊదడం ఆపకుండా కొంచెం జోరు పెంచాలి. పాలిస్టర్ చొక్కాలు, వదులు చున్నీలు ఈ పనికి వద్దు. మంట లేవగానే గూడును కింద పెట్టి, అగ్గిపుల్లంత సన్నటి చితుకులు, వాటి తర్వాత పెన్సిలంతవి, ఆపైన వేలంతవి పేర్చండి. వీటిని కూడా ముందే విరిచి పక్కన పెట్టుకోవాలి. మంట వచ్చాక చితుకులు వెతుక్కోవడానికి వెళ్తే తిరిగొచ్చేసరికి బూడిదే ఉంటుంది.

చేత్తో తిప్పే పద్ధతికి పుల్ల 45 నుంచి 60 సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు మందం. దానికి కిత్తనార పలక మీద గోగుకట్టె లేదా జిల్లేడు కాడ జత బాగుంటుంది. అరచేతులు కిందికి అదుముతూ తిప్పుకుంటూ వచ్చి, కిందికి చేరగానే పుల్ల ఆగకముందే ఒక్కో చేయి పైకి మార్చాలి. ఆ మార్పు దగ్గరే వేడి పోతుంది. అరచేతులు బొబ్బలెక్కకముందే ఆపి రోజూ కొంచెం కొంచెం సాధన చేయడమే దారి. విల్లుతో నిప్పు ఖాయంగా వచ్చేదాకా దీని జోలికి పోకపోవడమే మంచిది.

ఎక్కడ చేయాలి, ఎక్కడ వద్దు

కట్టె బాగా ఎండే నెలలే అడవులు తగలబడే నెలలు. అనంతగిరి కొండలైనా, నగరం మధ్యలోని కేబీఆర్ పార్కు, వనస్థలిపురం వైపున్న మహావీర్ హరిణ వనస్థలి అయినా అక్కడ నిప్పు వెలిగించడం అటవీ చట్టాల కింద నేరం. ఎండుగడ్డి ఉన్న ఖాళీ ప్లాట్లలో కూడా వద్దు. ఇంటి వాకిలి, సొంత పొలంలో దున్నిన చేను, యజమాని ఒప్పుకున్న ఫామ్‌హౌస్ సరైన చోట్లు. డాబా మీద చేస్తే నీళ్ల ట్యాంకులకు, ఆరేసిన బట్టలకు, వైర్లకు దూరంగా ఉండాలి.

ఊరి చుట్టూ బండలున్నాయి కదా, వాటి మీద మంట వేస్తే భద్రమనుకుంటారు. నల్లరాయి వేడెక్కితే పైపొర చిట్లి ముక్కలు ఎగురుతాయి. పూర్వం బండల్లోంచి రాతిపలకలు లేపడానికి నిప్పు పెట్టేవాళ్లంటే ఆ వేడి పని అలాంటిది. బండమీద మచ్చ కూడా ఏళ్ల తరబడి పోదు. మేస్త్రీలు వాడే ఇనుప తట్టలో నాలుగు వేళ్ల మందం మట్టి నింపి అందులో మంట వేసుకోండి. పక్కన బకెట్ నీళ్లు ఉండాలి. చివర్లో మట్టి కప్పి వదిలేయకండి, కింద నిప్పు గంటల తరబడి ఉంటుంది. నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, వెనుక చేత్తో తాకి చల్లబడిందని తేల్చుకోవాలి. పిడకపొడి వాడినప్పుడు ఇది ఇంకా ముఖ్యం. చేయి దాటితే అగ్నిమాపక కేంద్రానికి 101కి ఫోన్ చేయండి.

వానాకాలానికి సరుకు ఎండాకాలంలోనే దాచుకోవాలి. మే నెల ఎండలో పలకలు, పుల్లలు, పీచు డాబా మీద వారం రోజులు ఆరేసి, వేడిగా ఉండగానే మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టండి. ఒకసారి నిప్పు పడిన గుంట పక్కనే కొత్త గుంట పెట్టుకోవచ్చు, పాత పలకను పారేయకండి. పాత పుల్ల కొస ఇప్పటికే కాలి నల్లబడి ఉంటుంది కాబట్టి కొత్తదానికన్నా త్వరగా వేడెక్కుతుంది. దాన్ని శుభ్రం చేసే సరదాతో గీకేయకుండా అలాగే డబ్బాలో వేయండి.